మాచిపత్రి పొగ

మా అత్తగారు మొన్న శుక్రవారం ఉదయం నిద్రలోనే వెళ్లిపోయారు. బాధేమీ పడలేదని డాక్టరు చెప్పారు. ఆవిడ వింటే, "ఆయన పక్కనుండి చూశాడా?" అని అడిగేవారు.

ఆవిడకు దేనిమీదా ఊరికే నమ్మకం కుదిరేది కాదు. వాసన చూడందే పాలు పొయ్యిమీద పెట్టేవారు కాదు. ఇంగువ కొంటే కొట్టువాడి ముందే చిన్న ముక్క నీళ్లలో కలిపి చూడాల్సిందే. కొత్త కోడలిగా నేను కలిపిన కాఫీకీ ఆ పరీక్ష తప్పలేదు.

గుణదలలో మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులోకి చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె ఒంటరిగా అద్దెకు దిగింది. చైనా పద్ధతిలో సూదులతో వైద్యం చేసేది. సాయంత్రమైతే ఆ ఇంట్లోంచి ఘాటైన పొగ మెట్లమీదికి వచ్చేది. అది గంజాయేనని సెక్రటరీగారు తేల్చేశారు. ఆమెను ఖాళీ చేయించడానికి మీటింగు పెడితే అందరూ తలలూపారు.

"మీరు చూశారా?" అని సెక్రటరీగారిని అడిగారు మా అత్తగారు.

"చూడాలా అండీ? వాసన తెలియట్లా?"

"వాసన తెలుస్తానే ఉంది. గంజాయని మీకెలా తెలిసింది?"

అత్తగారు నా చెయ్యి పట్టుకుని పైకెక్కారు.

డాక్టరమ్మ బెదురుగా, కాగితంలో చుట్టిన లావుపాటి చుట్టలాంటిది తెచ్చి ఇచ్చింది. అత్తగారు కాగితం విప్పి, లోపలి మెత్తటి పీచును వేళ్లతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇది మాచిపత్రి కదూ? వినాయకచవితి పత్రిలో వస్తది."

"ఆ జాతేనండీ. ఎండబెట్టి దంచి చుడతారు. అంటించి, ఒంటికి తగలకుండా నొప్పి ఉన్నచోట సెగ చూపిస్తాం. చైనావాళ్ల పాత వైద్యమండీ."

అత్తగారు అంతటితో వదల్లేదు. బల్లమీది సీసాలన్నీ మూతలు తీసి చూశారు. దాల్చినచెక్క, లవంగాలు, శొంఠి.

"ఇయ్యన్నీ మా వంటింట్లోయే కదా అమ్మాయ్?"

"అవునండీ. ఒంట్లో చలి చేరితే వాళ్లూ ఇవే వాడతారు," అంటూ డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

కిందికొచ్చి, "అది మాచిపత్రి. అనుమానముంటే పోయి చూసుకోండి. చూడకుండా ఆ పిల్లను రోడ్డున పడెయ్యకండి," అన్నారు. ఎవరూ వెళ్లలేదు. ఖాళీ చేయించే మాట అక్కడితో ఆగింది. పొగ బయటికి పోయేలా డాక్టరమ్మ ఫ్యాను పెట్టించుకుంది.

ఆ తర్వాత అత్తగారు తన మోకాళ్లకూ సెగ పెట్టించుకున్నారు. తగ్గిందా అంటే, "వెచ్చగా ఉంది. తగ్గిందని నేనన్లా," అనేవారు. మానలేదు మాత్రం. కొన్న ప్యాకెట్లో ఏం కలుపుతారోనని, కంకిపాడు నుంచి మాచిపత్రి మొక్కలు తెప్పించి డాబామీద కుండీల్లో పెంచారు.

మనుషుల్ని అనుమానించినంత గట్టిగా, మనుషుల మీద చెప్పే మాటల్నీ అనుమానించేవారు. అందుకే ఆవిడ ఉన్న ఇంట్లో నాకెప్పుడూ ధైర్యంగా ఉండేది.

నిన్న బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కాను. ఆవిడ చివరిగా కోసిన ఆకు పాత చీరమీద ఎండుతూనే ఉంది. డాక్టరమ్మ దాని పక్కన కూర్చుని, గాలికి చెదిరిన ఆకుల్ని ఏరి మళ్లీ చీరమీద పరుస్తోంది.