పెరట్లో బోర్లించిన చిప్పలు

కౌలాలంపూర్‌లో ఇరవయ్యేళ్లు పత్రికలో పనిచేసి ఊరందరి బండారాలూ బయటపెట్టినదాన్ని, మా ఇంటి కథతో మొదటి నవల మొదలెట్టేసరికి తేనె పూసి రాసినాను. మా తాత బటాంగ్ బెర్జుంటై అనే ఊళ్లో రబ్బరు తోట గుమస్తా. పొద్దున్నే చెట్లకి పాలు గీసి అలిసొచ్చిన కూలీలకి అమ్మమ్మ పెరటి గుమ్మంలో కాఫీ పోసేదట. అమ్మ చెప్పింది చెప్పినట్టు దించేసి, అమ్మమ్మని అన్నపూర్ణని చేసి కూర్చోబెట్టినాను. ఇప్పుడు ఆ పేజీలు చూస్తే ఛీ అనిపిస్తాది.

ఆ కాఫీ తాగినవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని ఆ తోట వైపు వెళ్లినాను. అప్పట్లో అక్కడ పాలు గీసిన ఒక ముసలమ్మ దొరికింది. ఆవిడా తెలుగే, ఆంధ్రాలో మా తాతవాళ్ల పక్క ఊరినుంచే వచ్చిన కుటుంబం. నాకు మంచి పింగాణీ కప్పులో టీ ఇచ్చింది. కాఫీ సంగతి అడిగితే నవ్వింది.

"పోసీది, ఎందుకు పోయదు? కొబ్బరి సిప్పలో పోసీది. మా సిప్పలు మీ దొడ్లో కంచె కాడ బోర్లించి ఉండీవి. మేం ముట్టుకున్న గళాసు మీ ఇంట్లోకి ఎలగెల్తాదమ్మా?"

కప్పు కింద పెట్టేసినాను. అంతదూరం ఓడెక్కి వచ్చి, అడవి మధ్యన బతుకుతూ, ఈ దరిద్రాన్ని కూడా మూట కట్టుకొచ్చినారా మావాళ్లు!

ఇంటికొచ్చి ఆ అధ్యాయం మార్చేస్తానన్నాను. అమ్మకి కోపం వచ్చింది. అప్పట్లో అందరూ అంతేనంది, పెట్టిన చెయ్యిని తిట్టకూడదంది. చివరికి తేల్చేసింది.

"ఆ సిప్పల ముక్క అచ్చేస్తే గుడిలో నా మొకం ఎలా సూపించను? నానింక నీ ఇంట్లో ఉండను."

సిగ్గులేని వంశమని నోటికొచ్చింది అనేసి, కాఫీ కలుపుకుందామని వంటింట్లోకి వెళ్లినాను. వెనక తలుపు పక్కన మేకుకి పచ్చ ప్లాస్టిక్ మగ్గు వేలాడుతోంది. మా ఇల్లు తుడవడానికి పదేళ్లుగా వస్తున్న తమిళావిడది. ఆవిడ అందులోనే తాగుతాది, కడిగి అక్కడే తగిలిస్తాది. అది కొన్నది అమ్మ కాదు. నేనే.

పంతానికి దాన్నిండా కాఫీ పోసుకున్నాను. పెదాల దాకా తెచ్చినాను. తాగలేకపోయినాను. సింకులో ఒంపేసి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ. అంతా చూసింది.

"ఇదీ రాస్తావేటి?" అంది.

రాసినాను. నవల ఆ మగ్గుతోనే మొదలవుతాది.