ఇంజను ఆగేదాకా

గాజువాకలో ఆనందకుమార్ బస్సు ఎక్కే వాళ్లందరికీ అతనంటే ఒక వేళాకోళం. ఎనభై ఎనిమిది నాటి మాట ఇది. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే కాంట్రాక్టు పనివాళ్లను సాయంత్రం దింపేసి, బస్సును తన ఇంటిముందు ఖాళీ జాగాలో పెట్టుకునేవాడు. పెట్టడం పెట్టేవాడు గానీ ఇంజను ఆపేవాడు కాదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఇంటి గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ వీధిలో ఉండే కుర్రాళ్లు "బావా, బస్సుకి ప్రార్థన సేత్తన్నావేటి?" అని నవ్వేవాళ్లు. డీజిలు బస్సుకి అలా కాసేపు ఊరికే ఇంజను తిరగనక్కర్లేదని అతనికి తెలియదా? వాళ్లందరికంటే బాగా తెలుసు. నవ్విన వాళ్లని అని ఏం లాభం, వాళ్లకి విమలమ్మ సంగతి తెలియదు.

విమలమ్మ అతని భార్య. గాజువాక రాకముందు వాళ్లిద్దరూ వాల్తేరు అప్‌లాండ్స్‌లో త్రినాథరావుగారి బంగళాలో ఉండేవాళ్లు. త్రినాథరావుగారికి పోర్టులో సరుకు దింపించే వ్యాపారం. అంబాసిడర్ తోలేది ఆనందకుమార్, వంట చేసేది విమలమ్మ. కారు షెడ్డుకీ వంటింటికీ మధ్య ఒక్క గోడ, ఆ వెనకాలే వాళ్ల గది. ఆదివారం ముగ్గురూ తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్లేవాళ్లు. ముగ్గురూ అంటే, వాళ్లకి జయశీల అని ఒక పాప ఉండేది. నాన్న కారు గేటు తిరిగేసరికి పరిగెత్తుకొచ్చి హారన్ మీద చెయ్యి వేస్తే గానీ కుదురుండేది కాదు.

ఆనందకుమార్ మంచివాడు. మంచివాడంటే మరీ మంచివాడు, అదే అతనికొచ్చిన చేటు. యజమాని కూర్చోమంటే కూర్చుంటాడు, నిలబడమంటే నిలబడతాడు. ఎదురు మాట అతని నోట ఏనాడూ రాలేదు.

ఎనభై ఒకటి ఎండాకాలంలో పాపకి జ్వరం తగిలింది. మధ్యాహ్నానికి కళ్లు తేలేసి ఫిట్స్ వచ్చాయి. విమలమ్మ కేక పెట్టింది. "బండి తియ్యి, ఆస్పత్రికి ఎల్లిపోదాం!" కారు తాళాలు అతని చొక్కా జేబులోనే ఉన్నాయి. కానీ త్రినాథరావు బాబుగారు భోంచేసి పడుకుని ఉన్నారు. ఆయన పడక వేళ ఎవరూ తలుపు తట్టకూడదని ఆ ఇంట్లో కట్టుబాటు. ఆయన్ని అడక్కుండా కారు తీయడమా? ఆనందకుమార్ ఆ తలుపు ముందు నిలబడిపోయాడు. కొట్టడానికి చెయ్యి ఎత్తడం, దించేయడం. విమలమ్మ ఒక చూపు చూసి, పాపని భుజాన వేసుకుని రోడ్డు మీదికి వెళ్లి రిక్షా ఎక్కింది.

బాబుగారు లేచి తలుపు తీసి, సంగతి విని మండిపడ్డారు. "ఒరే బుద్ధిలేనివాడా! లేపొచ్చు కదా! కారు తీసుకుపోవచ్చు కదా!" ఎంత సులువుగా అన్నారో చూడండి. ఆనందకుమార్ కారు వేసుకుని గాలిలా వెళ్లాడు. అతను ఆస్పత్రి మెట్లెక్కేసరికి విమలమ్మ పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పాప లేదు.

ఆ రోజు నుంచి ఆవిడ అతనితో మాట్లాడలేదు. తిట్టలేదు, పుట్టింటికి పోలేదు. వేళకి అన్నం పెట్టేది, చొక్కా ఉతికి ఆరేసేది. చెప్పాల్సిందేదైనా ఉంటే గిన్నెకి చెప్పేది. "బియ్యం అయిపోనాయి," అని గిన్నె వైపు చూసి అనేది. అతను తెచ్చి పెట్టేవాడు. తిట్టినా బాగుండునే దేవుడా, ఒక్కసారి కొట్టినా బాగుండునే అని కుమిలిపోయేవాడు. ఆవిడ నోటి నుంచి తనకంటూ ఒక్క మాట పడితే చాలు, ఇంకేమీ వద్దు అనిపించేది. అలా మూడో ఏడు కూడా వచ్చింది.

అప్పుడొచ్చింది ఆ ఎర్ర కారు. త్రినాథరావుగారి బావమరిది విదేశంలో ఉద్యోగం ముగించుకుని వస్తూ ఓడలో వేయించుకొచ్చిన జపాను కారు. ఆయన హైదరాబాదులో స్థిరపడుతూ దీన్ని బావగారికి ఇచ్చేశారు. చూడ్డానికి ఇంతే ఉంది. అంబాసిడర్‌కి నాలుగు సిలిండర్లు, లీటరున్నర ఇంజను. దీనికి మూడే సిలిండర్లు, లీటరు కూడా నిండదు. అయితేనేం, పోర్టు నుంచి అప్‌లాండ్స్ ఎత్తు ఎక్కేటప్పుడు వీపు సీటుకి అతుక్కుపోయేది. ఓరి నాయనో, ఇదేం లాగుడు అనుకున్నాడు ఆనందకుమార్.

ఆ లాగుడంతా టర్బోదని బావమరిదిగారు విప్పి చెప్పారు. ఇంజను వదిలే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండోవైపున్న చక్రం గాలిని లోపలికి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బలం వస్తుంది. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది, నిప్పులా కాలుతుంది. దాన్ని కాపాడేది ఇంజను ఆయిలు ఒక్కటే.

"అందుకని, ఆనందకుమార్, బండి ఆగిన వెంటనే ఇంజను ఆపకు. ఆపితే ఆయిలు రావడం ఆగిపోతుంది, ఉన్న ఆయిలు ఆ వేడికి మాడి మసైపోతుంది. రెండు నిమిషాలు ఊరికే తిరగనియ్యి. చల్లబడ్డాక ఆపు."

"అలాగేనండి," అన్నాడు. చెప్పింది చెప్పినట్టు చేయడంలో అతన్ని మించినవాడు లేడు.

ఆ సాయంత్రం షెడ్డులో కారు పెట్టి, ఇంజను తిరుగుతుండగా కూర్చున్నాడు. వంటింటి తలుపు తెరుచుకుంది. విమలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి అద్దం పక్కన నిలబడింది.

"ఎందుకాపవు?" అంది.

గిన్నెకి కాదు, గోడకి కాదు. తనకి! ఆనందకుమార్ గబగబా అద్దం దించాడు. టర్బో గురించి, ఆయిలు గురించి తడబడుతూ చెప్పుకొచ్చాడు. ఆవిడ అంతా విని తల ఊపింది. ఇంజను ఆగగానే లోపలికి వెళ్లిపోయింది. అన్నం దగ్గర మళ్లీ గిన్నెతోనే మాట.

మర్నాడు కూడా వచ్చింది. ఆ పై రోజూ వచ్చింది. ఇంజను తిరిగినంతసేపే మాట. మొదట్లో వంటింటి కబుర్లు. చేపలమ్మే గురువమ్మ యారాడ నుంచి పండుగొప్పలు తెచ్చిందనీ, కిరసనాయిలుకి క్యూలో నిలబడ్డాననీ. ఒకరోజు ధైర్యం చేసి అడిగాడు.

"బండి తిరిగితేనే మాటాడతావేటి, విమలా?"

"సద్దులో అయితే నా మాట నాకే సరిగ్గా ఇనపడదు. అందుకని అనగలుగుతన్నాను," అంది.

ఇక ఆ కారుని అతను చూసుకున్నట్టు ఎవరూ చూసుకుని ఉండరు. పోర్టులో ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము గాలంతా నిండి ఉంటుంది. ఆ దుమ్ము గాని లోపలికి పోతే టర్బో రెక్కలు అరిగిపోతాయని రోజూ ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపేవాడు. ఆయిలు గడువుకి ముందే మార్పించేవాడు. మన నాసిరకం పెట్రోలుకి ఇంజను టకటకమని కొట్టుకుంటుంటే అల్లిపురం మెకానిక్కు తాతబాబు దగ్గరికి తీసుకెళ్లి సరిచేయించాడు. లోకానికి అది ఒక కారు. అతనికి అది పెళ్లాం గొంతు.

ఒక సాయంత్రం విమలమ్మ పాప పేరెత్తింది. మూడేళ్లలో మొదటిసారి. "జయమ్మ ఉంటే ఈ బండి హారనుకి నవ్వును," అంది. ఇద్దరూ ఏడ్చారు. ఇంజను తిరుగుతూనే ఉంది. అతను ఆ రోజు రెండు నిమిషాలు దాటిపోయినా ఆపలేదు.

అంతా ఇలాగే సాగితే ఎంత బాగుండేది. కానీ ఆదివారాలు కారు తోలేది త్రినాథరావుగారు. వీళ్లు చర్చిలో ఉండగా ఆయన క్లబ్బుకి రయ్యిమని వెళ్లి, రయ్యిమని వచ్చి, పోర్టికోలో తాళం తిప్పేసి దిగిపోయేవారు. చర్చి నుంచి తిరిగి వచ్చి ఆనందకుమార్ బానెట్టు మీద చెయ్యి పెడితే కాలిపోతుండేది. లోపల ఆయిలు మాడుతున్నట్టు అతనికి తెలుస్తూనే ఉండేది. చెబుదామని పోర్టికో దాకా వెళ్లేవాడు. ఆయన "ఏంట్రా?" అనేవారు. "ఏం లేదండి," అని వచ్చేసేవాడు.

చలికాలానికి రోగం బయటపడింది. పొద్దున్న స్టార్టు చేస్తే గొట్టంలోంచి నీలం పొగ. ఆయిలు తరుగుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఈల వేసినట్టు ఒక సన్నని కూత, ముందున్న లాగుడు లేదు. తాతబాబు టర్బో విప్పి ఇరుసు పట్టుకుని కదిపాడు. వదులుగా అటూ ఇటూ ఊగింది. సీలు దగ్గర మాడిన ఆయిలు బొగ్గులా పేరుకుని ఉంది.

"ఏడి మీద ఆపీసినారు, బావా. నువ్వైతే ఆపవు. మరెవుడు?"

"ఆదివారం బాబుగారు..."

"సెప్పనేదా?"

"ఎలాగ సెబుతాను?"

తాతబాబు అతని మొహం చూసి, విప్పిన టర్బోని మళ్లీ బిగించడం మొదలెట్టాడు. ఆ సామాను ఈ దేశంలో దొరకదని చెప్పాడు. ఎన్నాళ్లు తిరిగితే అన్నాళ్లే అన్నాడు.

ఆ సాయంత్రం షెడ్డంతా నీలం పొగ కమ్ముకుంది. విమలమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది.

"నాను నీకొక మాట సెప్పాల," అంది. "మూడేళ్ల కాడినుంచీ సెప్పాలని. ఆ యేళ నువ్వా తలుపు కాడ నిలబడి..."

అక్కడ ఆపేసింది.

"రేపు సెబుతాను," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

తిట్టబోతోందా? క్షమించబోతోందా? ఏదైనా సరే, దానితో ఈ మూడేళ్ల మౌనం తీరిపోతుందని అతనికి అనిపించింది. ఆ పూటంతా ప్రార్థన చేశాడు. మర్నాడు పోర్టు గేటు దగ్గర ఎర్ర కారు ఆగిపోయింది, మరి కదల్లేదు. తాడు కట్టి లాక్కుపోయారు. త్రినాథరావుగారు విసుక్కుని పాత అంబాసిడర్ తీయమన్నారు.

సాయంత్రం అంబాసిడర్ షెడ్డులోకి వచ్చింది. ఆనందకుమార్ ఇంజను ఆపలేదు. పాత బండి, గడగడమని మోత. అంతకంటే ఏం కావాలి? వంటింటి తలుపు తెరుచుకుంది. విమలమ్మ గడప దాటి మెట్టు మీదికి వచ్చింది. పెదాలు కదిలాయి.

వరండాలోంచి కేక వినబడింది. "ఒరే ఆనందం! ఈ డొక్కుకి కూడా టర్బో ఉందిట్రా? పెట్రోలు నీ బాబు పోస్తాడా? ఆపు!"

ఆపకూడదని అతనికి తెలుసు. ఒక్క నిమిషం అయ్యా, ఒక్క నిమిషం ఆగండి అనాలని తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా చెయ్యి తనంతట తానే వెళ్లి తాళం తిప్పేసింది.

షెడ్డు నిశ్శబ్దమైపోయింది. విమలమ్మ కదల్లేదు. ఏ చప్పుడూ లేని ఆ చోట, మూడేళ్లుగా దాచుకున్న మాట స్పష్టంగా అంది.

"ఆ యేళా ఇంతే."

లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు ఆనందకుమార్ ఇంజను ఆపలేదు. త్రినాథరావుగారు వరండాలోంచి అరిచారు, మెట్లు దిగి వచ్చి మరీ అరిచారు. అతను కిమ్మనలేదు, ఆపలేదు, వంటింటి తలుపు వైపే చూశాడు. తలుపు తెరుచుకోలేదు. ఆ పై రోజూ అంతే. వారం తిరక్కుండానే ఉద్యోగం పోయింది. సామాను సర్దుకుని ఇద్దరూ గాజువాక వచ్చేశారు. వస్తూ రిక్షాలో అతనన్నాడు, "ఈసారి ఆపనేదు, విమలా." ఆవిడ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

గాజువాకలో ఇప్పుడు బస్సు ఇంటిముందు ఆగుతుంది. ఇంజను గడగడలాడుతుంది. కుర్రాళ్లు నవ్వుతారు. ఆనందకుమార్ గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాడు. లోపల విమలమ్మకి ఆ మోత వినబడుతుంది. వినబడుతుందని అతనికి తెలుసు, ఎందుకంటే ఆ మోత మొదలవగానే ఆవిడ కంచం పెడుతుంది. కాసేపయ్యాక అతను ఇంజను ఆపి లోపలికి వెళ్తాడు. "అన్నం సల్లారిపోతంది," అంటుంది ఆవిడ, గిన్నెతో.