పసుపు నీళ్లు ఎర్రబడిన కొలను

నాగమ్మవ్వ చెంబులోంచి వంచినప్పుడు ఆ నీళ్లు పచ్చగానే ఉన్నాయి. కొత్త గట్టు మీద పడి, ఖాళీ కొలను అంచు దాటి, గోడ వెంట కిందికి జారేసరికి ఎర్రబడ్డాయి. కరోనా తగ్గాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగు పోయే దారి పక్కన, ఒక పాత ఈతకొలను చుట్టూ నిలబడి ఉన్నాం. ఎర్రటి చారలు ఒక్కొక్కటే గోడ మీదుగా అడుగుకు దిగుతున్నాయి.

"ఏందప్పా ఇది, నెత్తురు మాదిరి!" అన్నాడు నాగమ్మవ్వ చిన్న కొడుకు ఓబులేసు.

మర్నాడు ఆ గోడలకు నీలం రంగు మొదలుపెట్టాల్సినవాణ్ణి నేను.

మాది జమ్మలమడుగు. పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తాను. చాలా ఏళ్లు ఒక దినపత్రికకు మండలం వార్తలు కూడా రాశాను. ఇళ్లకూ బళ్లకూ రంగులేయడం రోజూ ఉండే పనే గానీ ఈతకొలనులు మా వైపు తక్కువ. పులివెందులలో ఒకటి చేశాను. దాన్ని చూశాకే నాగమ్మవ్వ పెద్దకోడలు శారదమ్మ నన్ను పిలిపించింది.

ఈ కొలను కట్టించింది ఆమె భర్త. సింహాద్రిపురం దగ్గర గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, మోట బావుల్లో ఈత నేర్చుకుని, బడిలో డ్రిల్లు మాస్టారైన మనిషి. ఊళ్లో పిల్లలకు ఆయనే ఈత నేర్పాడు. ఆ రోజుల్లో శారదమ్మ గట్టు మీద కుర్చీ వేసుకుని వాళ్ల చెప్పులకూ తువ్వాళ్లకూ కాపలా కూర్చునేది. ఆయన పోయాక కొలను మూతపడింది. ఆ తర్వాత కరోనా వచ్చింది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు అడుగున ఎండాకులు, రెండు తొండలు, ఎవరిదో ఈతకళ్లజోడు ఉన్నాయి. పాత రంగు పొడిబారిపోయింది. గోడకు చెయ్యి ఆనిస్తే అరచేయంతా నీలం. శారదమ్మ నా వెనకే మెట్లు దిగి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచింది. "ఈడ పిల్లోళ్లు నిలబడేది. ఈడికొస్తే ఆయనకే గొంతుదాకా వచ్చేవి" అని చేత్తో గాలిలో నీటిమట్టం చూపించింది. చీర అంచుకు నీలం పొడి అంటుకుంది.

"మీకు ఈత వచ్చామ్మా?" అన్నాను.

"నీళ్లున్నెప్పుడు ఒక్కనాడూ దిగలేదు నాయనా. ఇప్పుడు దిగితే ఎవురేమంటారు?" అని నవ్వింది. కాస్త ఆగి, "ఈసారి నీళ్లు పట్టినాక దిగల్ల" అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

స్థలం శారదమ్మ భర్త, ఆయన తమ్ముడు ఓబులేసు, ఇద్దరి పేరా ఉంది. గుంత పూడ్చి పెళ్లిళ్లకు పచ్చిక మైదానం చేద్దామని ఓబులేసు ఆలోచన. ఒక టిప్పరు ఎర్రమన్ను తెప్పించి గేటు పక్కన పోయించాడు కూడా. వదినమీద కోపమేమీ లేదు. "ఈ ఎండాకాలం నడిపి సూపీ వదినా. సెలవులకు పిల్లోళ్లు వస్తే ఉండనీ. లేదంటే మన్నే" అన్నాడు. సెలవులు మొదలయ్యేసరికి కొలనులో నీళ్లుండాలి. అదీ ఒప్పందం.

పాత రంగు ఊడినంత మేరా గీకాం. పగుళ్లు వెడల్పు చేసి కొత్త పూత పెట్టాం. చుట్టూ ఉన్న కాంక్రీటు గట్టు కూడా పెచ్చులు లేచిపోయింది. డెక్ అంటారు దాన్ని. తడికాళ్లతో పిల్లలు పరుగెత్తే చోటు కాబట్టి అది నున్నగా ఉండకూడదు. పూత పచ్చిగా ఉండగానే చీపురుతో గీతలు లాగాలి. కొలనులో అతుకులకూ ఈ గట్టుకూ ఖాజా మేస్త్రీనే పెట్టాను. మిద్దెల పూతకు ఆయన పెట్టింది పేరు. చీపురు తెమ్మంటే ఆయన ప్రాణం విలవిల్లాడింది.

"ఇంత నున్నగా తీసినాక మళ్లీ గీకమంటావేంది అన్నా? పెండ్లికూతురికి మొగం మీద గాట్లు పెట్టినట్టు!"

గీకాడు. గీకినంతసేపూ తిట్టుకున్నాడు.

రంగు మొదలుపెట్టేముందు గంగమ్మకు పూజ చేయాలని నాగమ్మవ్వ పట్టుబట్టింది. సింహాద్రిపురం నుంచి బస్సులో వచ్చింది. "గంగమ్మకు సెప్పకుండా గుంతకు రంగులు పూస్తారా?" అని టెంకాయ కొట్టి, చెంబులో పసుపు కలిపి గట్టు పొడవునా పోసింది.

నీళ్లు ఎర్రబడింది అప్పుడే.

"గంగమ్మే వద్దంటాంది వదినా. ఇంగేం సెప్పల్ల?" అన్నాడు ఓబులేసు. గొంతులో వేళాకోళం లేదు, నిజంగానే భయపడ్డాడు. నా వైపు తిరిగి, "పేపరాయనా, ఇది పేపర్లో ఎయ్యొద్దు!" అన్నాడు.

శారదమ్మ గట్టు మీద, ఒకప్పుడు కుర్చీ వేసుకునే చోటే, కూలబడింది. ఎర్రటి చారల్నే చూస్తోంది.

నాగమ్మవ్వ మాత్రం వంగి, నేల మీది ఎరుపును వేలితో తీసి, తన మడమకు రాసుకుని చూసింది. "పారాణిరా ఇది, ఓబులా! నీ పెండ్లికి నీ కాళ్లకు పూసింది నేనే గదా. అప్పుడు నెత్తురని ఏడిస్తివా?"

అందరికీ ఒక్కసారి నవ్వొచ్చింది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రటి పారాణి అవుతుందని తెలియని ఇల్లు మా వైపు ఉండదు. నేనూ నవ్వాను. నవ్వుతూనే వంగి గట్టు మీది ఎరుపును గోటితో గీకి చూశాను. సిమెంటులో ఎంతోకొంత సున్నం గుణం ఉంటుంది. కానీ ఇంత చిక్కటి ఎరుపా?

"ఖాజా, పూతలో సున్నం కలిపినావా?"

"కొంచెమే అన్నా. మిద్దెకు కలిపినట్టే. పగలకుండా ఉంటాదని."

మిద్దెకైతే అది మంచి అలవాటే. తాతల నాటి నుంచీ ఉన్నది. కానీ కొలనుకు వేసేది ఎపాక్సీ, అంటే రెండు డబ్బాల మందు కలిపితే గట్టిపడే రంగు. దానికి కింద గట్టి నేల కావాలి, పూర్తిగా ఆరిన నేల కావాలి. సున్నం పూత పైన పొడిగా రాలుతుంది, లోపల తేమ పట్టి ఉంచుతుంది. ఆ తేమ బయటికి రావాలని తోస్తే రంగు మీద బ్లిస్టర్లు, అంటే కాలిన చర్మం మీద లేచేలాంటి బొబ్బలు, వస్తాయి. యాసిడ్‌తో కడిగి, వారాల తరబడి ఆరబెట్టాలి. సెలవులు ఇంకో వారంలో ఉన్నాయి.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఓబులేసు గేటు వైపు, మన్ను కుప్ప వైపు చూశాడు.

శారదమ్మ తలెత్తింది. "ఈ సున్నంతో ఇబ్బంది నీళ్లకా, రంగుకా?"

"రంగుకేనమ్మా. సిమెంటు నీళ్లలో ఇంకా గట్టిపడుతుంది. మొదటి నీళ్లు తోడేసి మళ్లీ పట్టుకోవాలంతే."

"అయితే రంగు లేకుండానే నీళ్లు పడదాం."

"బోడిగానా వదినా?" అన్నాడు ఓబులేసు.

"నీలం సూడను వస్తారా, ఈతకొస్తారా?"

మొదటి నీళ్లు సున్నం తేలి పాలలాగా అయ్యాయి. తోడేశాం. రెండోసారి బోరు మోటారు వేసి, మందు కలిపి, నీళ్లు తేటపడేదాకా ఆగాం. ఒక పొద్దున వెళ్లేసరికి కొలను నిండి ఉంది. గీకగా మిగిలిన పాత నీలం మీద బూడిదరంగు అతుకులు నీటి అడుగున మెల్లగా ఊగుతున్నాయి. ఎవరో ఆకాశాన్ని అడుగున పరిచి, మబ్బుల్ని తుడవడం మరిచిపోయినట్టుంది. గాలి లేదు. గట్టు మీద చీపురు గీతల్లో సన్నగా నీళ్లు నిలిచి మెరుస్తున్నాయి. నేను రోలర్లు సర్దుకోవడానికి వచ్చి, వచ్చిన పని మరిచి కూర్చుండిపోయాను.

శారదమ్మ పంజాబీ డ్రెస్సులో వచ్చింది, ఆమెను అలా చూడటం అదే మొదలు. మెట్ల పక్కనున్న ఇనుప గొట్టం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. నీళ్లు నడుముకు వచ్చాక ఆగింది.

"ఏమ్మే, ఆడనే నిలబడినావు?" గట్టు మీంచి నాగమ్మవ్వ. "నా గొర్రెలే నయం. తోస్తే ఈదుతాండె."

"తోయొద్దత్తా, నేనే పోతాండా."

గొట్టం వదిలేసింది. రెండడుగులు వేసి, చేతులు చాచి, అలాగే నిలబడింది. ఆమె చుట్టూ మబ్బులు కదిలాయి.

పిల్లలు వచ్చారు. ఒక అతుకుకు ఏనుగని, ఇంకోదానికి నక్క అని పేర్లు పెట్టారు. ఏనుగు దగ్గర మునిగి నక్క దగ్గర తేలడం వాళ్ల పందెం. ఖాజా మేస్త్రీ తన మనవణ్ణి తెచ్చి, "ఈ ఏనుగు నేను చేసిందే" అని చెప్పుకున్నాడు. నీలమంటే డబ్బాలో నేను తెచ్చేదే అనుకునేవాణ్ణి అంతవరకూ. పని ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడం కూడా పనిలో భాగమేనని ఆ కొలను దగ్గర తెలిసింది. ఇప్పుడు రంగు పని ఏదొచ్చినా ముందు నీళ్లలో చిటికెడు పసుపు కలిపి గోడ మీద చల్లి చూస్తాను.

సెలవులయ్యాక ఓబులేసు గేటు దగ్గర కలిశాడు. "వచ్చినార్లే పిల్లోళ్లు" అన్నాడు. "వచ్చే ఏడు సూద్దాం."

ఆ మాటే ప్రతి ఏడూ అంటున్నాడు. స్థలం భాగాలు ఇంకా తేలలేదు. తేలేదాకా రంగు ఎందుకని శారదమ్మ వేయించలేదు. నీలం డబ్బాలు మూత తీయకుండా నా గోడౌన్‌లోనే ఉన్నాయి. గేటు పక్కన ఎర్రమన్ను కుప్ప కూడా అలాగే ఉంది. దాని మీద ఇప్పుడు జిల్లేడు మొలిచింది.