ఎడమ కంట్లో పడ్డ లేజర్

పీహెచ్‌డీలో చేరిన మూడో ఏడాది లేజర్ కాంతి నా ఎడమ కంట్లో పడింది.

హైదరాబాదులోని మా ప్రయోగశాలలో ఉన్నది మామూలు లేజర్ కాదు. కాంతినంతా ఊహకందనంత చిన్న వ్యవధిలోకి కుదించి, ఒకే చుక్క మీద గుమ్మరించేది. ఆ చుక్క దగ్గర లోహానికి కరిగే తీరిక కూడా ఉండదు, నేరుగా ప్లాస్మా అనే నిప్పులాంటి వాయువు అయిపోతుంది. అందులోంచి పుట్టే ఎక్స్-రేలను కొలవడం నా పని. ఆ రోజు అద్దాలను వరసలో పెడుతుంటే ఒకదాని బిగింపు జారింది. కిరణం పక్కకు మళ్లి, రక్షణ కళ్లజోడుకూ చెంపకూ మధ్య సందులోంచి దూరింది. ఆ కాంతి కంటికి కనపడదు. తలలో ‘టప్’మని చిన్న చప్పుడు వినిపించింది, అంతే. తర్వాత ఎటు చూసినా నడిమధ్య బూడిదరంగు మచ్చ.

“చుట్టూ చూపు ఉంటుంది. మధ్యలోది తిరిగి రాదు. కుడి కన్ను బాగుంది,” అన్నారు డాక్టరు గారు.

సెలవు పెట్టి ఊరికి వస్తే, మార్కాపురం రోడ్డు స్టేషన్‌కి నాయన వచ్చాడు. పలకల గనిలో రాయి చీల్చే మనిషి, మాటలు తక్కువ. ఆటో ఎక్కాక అరచేత్తో నా కుడి కన్ను మూసి, “నేను అగపడతన్నానా?” అన్నాడు.

“చెవులు అగపడతన్నాయి నాయనా. ముఖం లేదు.”

చెయ్యి తీసేసి, ఇల్లు చేరేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన చేశారు. యర్రగొండపాలెంలో టీచరుగా ఉన్న మామ, నన్ను సైన్సులో పెట్టింది ఆయనే, ఆ పూట మా ఇంటికి వచ్చాడు.

“ఇంక ఆ పని ఏందమ్మా నీకు? బీఈడీ చెయ్యి. పొదిల్లోనో కనిగిరిలోనో స్కూల్లో చేరుదువు. ఆ రెండో కన్ను గూడా పోతే ఎట్ల?”

ప్రేమతో అన్న మాట.

ఒంటి కంటి చూపుతో దూరాలు అంచనాకు అందడం లేదు. గ్లాసులో పోసిన నీళ్లు బయట పడుతున్నాయి. ప్రయోగశాలలో నా పనంతా వెంట్రుకవాసి కదలికలతోనే. అమ్మ పాత చీరలతో బొంత కుడుతుంటే సూదిలో దారం నేను ఎక్కిస్తానన్నాను. దారం సూది పక్కగా పోతూనే ఉంది.

“ఇట్ల ఇయ్యి, ఎక్కిస్తా.”

“నన్నే ఎక్కించనీ అమ్మా.”

రోజూ అదే పని. బొంత సగమయ్యేసరికి దారం అయిపోయినప్పుడల్లా అమ్మ అడక్కుండానే సూది నా చేతికి ఇవ్వసాగింది.

“మళ్లా పోతావా?” అంది ఒక మధ్యాహ్నం.

“పోతా.”

“భయం లేదా?”

“ఉంది. అయినా నా పని ఇంకొకరు చేస్తా ఉంటే చూస్తా కూచోలేను.”

అమ్మ పంటితో దారం తెంపింది. “అయితే మీ మామకు నువ్వే చెప్పుకో. నన్ను ఇరికించబాక.”

చెప్పాను. మామ అన్నం తినకుండానే బస్సెక్కి వెళ్లిపోయాడు.

హైదరాబాదులో మా గైడ్ మేడమ్ కూడా కంప్యూటర్ లెక్కల వైపు మారమన్నారు.

“లేజర్ దగ్గరే ఉంటాను మేడమ్. కాకపోతే ఇకమీదట కళ్లతో కాదు, కెమెరాలతో చూద్దాం,” అన్నాను.

ఆవిడ సరేనన్నారు. కిరణం నడిచే దారంతా మూతలు వేశాం. అద్దాలను దూరం నుంచే తిప్పేలా మోటార్లు బిగించాం. దాదాపు ఏడాది పట్టింది. ఆలస్యమవుతోందని తోటివాళ్లు విసుక్కున్నారు. నేను మాత్రం ఒక్క మూత కూడా తీయనివ్వలేదు.

చివరికి ఒక ఉదయం, మేం వెతుకుతున్న ఎక్స్-రే గుర్తు తెర మీద స్పష్టంగా నిలబడింది. నాయనకు ఫోన్ చేశాను.

“ఎక్స్-రేలు వచ్చినాయి నాయనా!”

“ఎక్స్-రే మార్కాపురంలో గూడా తీస్తారు గదమ్మా,” అన్నాడు.

పగలబడి నవ్వాను. తర్వాత తీరిగ్గా అంతా చెప్పాను. విన్నాక, “మీ మామకు గూడా ఫోన్ చెయ్యి. రోజూ అడగతన్నాడు,” అన్నాడు.

ఇప్పుడు నాకంటూ ఒక ప్రయోగశాల ఉంది. కొత్త లేజర్‌కి ఇంకా అద్దాల వరస కుదరలేదు, ఈ వారమంతా కుదిరినట్టే కుదిరి తప్పిపోతోంది. రేపు పొద్దున మళ్లీ మొదటి అద్దం నుంచి మొదలుపెడతాం.