తొమ్మిది రాత్రులు, ఒక నీలం పోగు

2023 వేసవి. మా హోటల్ కంపెనీ పెద్ద నగరాలు చాలక చిన్న నగరాల వైపు చూస్తున్న కాలం. షోలాపూర్‌లో అక్కల్‌కోట్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన శాఖకు నన్ను ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్‌గా పంపారు. వచ్చినవాళ్లకు గది ఇవ్వడం, వాళ్ల కోపతాపాలు వినడం నా పని. నాకది సొంత ఊరే. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మా అమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని చదువుకున్నాను. వెనక వీధిలో మరమగ్గాల చప్పుడు ఆగితే ఆ రోజు పండగో, చావో అని తెలిసిపోయేది. హోటల్ అద్దాలు ఆ చప్పుడును లోపలికి రానివ్వవు.

ఒక ఉదయం అంబాదాస్ వచ్చాడు. నీలం నగర్‌లో కింద మగ్గాల షెడ్డు, పైన ఇల్లు ఉన్న తువ్వాళ్ల వ్యాపారి. తండ్రి దినాలు అయిపోయి రెండు రోజులైంది. గుండు ఇంకా నున్నగా ఉంది. వెంట తల్లి నర్సవ్వ, చేతిలో బట్టల మూట.

"మేడం, నా తాన తొమ్మిది రాత్రులున్నయి. అవ్వకు రూం ఇయ్యుండ్రి."

మా హోటళ్లలో దిగిన ప్రతిసారీ పాయింట్లు జమవుతాయి. అవి తగినన్ని అయితే డబ్బు కట్టకుండా ఒక రాత్రి ఉండొచ్చు. దాన్ని రివార్డ్ నైట్ అంటాం. దాని విలువ అన్నిచోట్లా ఒకటి కాదు. గోవాలో సముద్రం ఎదుట ఒక్క రాత్రికి పట్టే పాయింట్లతో మా కొత్త శాఖలో నాలుగు రాత్రులు ఉండొచ్చు. శాంపిళ్ల సంచితో ఊరూరా తిరిగి అంబాదాస్ ఏళ్లపాటు కూడబెట్టిన పాయింట్లవి. తల్లిదండ్రులను గోవా తీసుకెళ్లాలని. తండ్రేమో ప్రతి ఏడూ "సీజన్ అయినంక పోదాం తియ్" అనేవాడట.

"ఇల్లు ఇంత దగ్గరుండగా ఇక్కడెందుకు?" అన్నాను.

"బాపు పోయిన నక్షత్రం మంచిది కాదంట. మూడు నెలలు ఇల్లు తాళమేసి పాడువెట్టాలన్నడు అయ్యగారు. దీపం పెట్టద్దు, మగ్గం నడపద్దు. పెండ్లాం పిల్లల్ని వాళ్ల తల్లిగారింటికి తోలిన. అవ్వ ఆడికి రానంటది."

నాకు ఒళ్లు మండింది. ఊపిరి ఆగిన గడియకూ ఇంటి గోడలకూ ఏమిటి సంబంధం అన్నాను. ఆసుపత్రుల్లో రోజూ మనుషులు పోతున్నారు, ఎన్ని వార్డులకు తాళం వేశారని నిలదీశాను. మూఢనమ్మకాల మీద జరిగే చర్చాసభల్లో నేను ఎన్నోసార్లు నెగ్గిన ప్రశ్న అది.

అంబాదాస్ ముఖం ముడుచుకుంది. "రేపు మా ఇంట్ల ఇంకొకలకు ఏమన్నయితే మీరొస్తరా మేడం? రూం ఉందా లేదా, అది చెప్పుండ్రి."

గది ఇచ్చాను. అక్కడ అంబాదాస్ షెడ్డులో ఎనిమిది మగ్గాలు ఆగిపోయాయి. పనివాళ్లు అప్పుడే వేరే షెడ్లు వెతుక్కుంటున్నారని విన్నాను. ఒకసారి వెళ్లినవాళ్లు మూడు నెలల తర్వాత తిరిగి రారు. తాళం తీసేసరికి ఇల్లు మిగులుతుంది, ఆ ఇంటిని నిలబెట్టిన పని మిగలదు.

నర్సవ్వ మంచం ముట్టలేదు. నేల మీదే దుప్పటి పరుచుకుంది. రోజూ నేను పలకరించడానికి వెళితే ఒకటే ఫిర్యాదు.

"ఏం రూం బిడ్డా ఇది, సప్పుడే లేదు. చెవులు పోయినయేమో అనుకున్న."

"హాయిగా ఉందని అందరూ మెచ్చుకుంటారమ్మా."

"మెచ్చుకుంటరు, మెచ్చుకుంటరు. మా ఆయన గోవాను మింగి కూసున్నది ఈ రూం."

ఆరో రోజు ఉదయం కబురు చేసింది. వెళ్లేసరికి స్నానపు తువ్వాలు ఒళ్లో పరుచుకుని, దాని అంచును వేళ్లతో తడుముతోంది. తెల్లటి అంచులో ఒకే ఒక్క నీలం పోగు. నేను రోజూ చూసే తువ్వాళ్లే. ఆ పోగును ఎన్నడూ చూడలేదు.

"ఇది మా నాలుగో నంబరు మగ్గం," అంది. "నేసుట్ల తప్పొస్తె ఏ మగ్గమో తెల్వాలని మా ఆయన ఒక్కోదానికి ఒక్కో రంగు పోగు పెట్టేటోడు. నాలుగుకు నీలం."

మా తువ్వాళ్లు ముంబై నుంచి వస్తాయి. అక్కడి వ్యాపారి ఎవరి మగ్గాల నుంచి తెస్తాడో మేమెప్పుడూ అడగలేదు.

అంబాదాస్‌ను పిలిపించింది. అతని చేతిలో తువ్వాలు పెట్టింది.

"యాడ నేసిన్రురా ఇది?"

"మన షెడ్డులనే అవ్వా."

"ఐదు దినాలాయె, దీంతోనే మొఖం తుడుసుకుంటున్న. నాకేమాయె? ఈడున్నోళ్లంత తుడుసుకుంటున్నరు. మీ బాపు చెయ్యి పడ్డ బట్ట మంచిదాయె, ఆయన చెయ్యి పడ్డ ఇల్లు చెడ్డదాయెనా?"

"అయ్యగారు..."

"అయ్యగారు వచ్చి నేస్తడా? తాళంచెవి ఇటు తే."

ఆ రోజే చెక్‌అవుట్ చేశారు. మధ్యాహ్నానికి నాలుగో మగ్గం నడిచింది. మిగతావి నడవడానికి మరో వారం పట్టింది. ఇద్దరు పనివాళ్లు మాత్రం తిరిగి రాలేదు.

మిగిలిన నాలుగు రాత్రులను నేనే గోవాలో ఒక రాత్రిగా మార్చి ఇచ్చాను. కొడుకు తల్లిని తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక నర్సవ్వ హోటల్‌కు వచ్చి, సముద్రం గురించి ఒకే మాట చెప్పింది. "సప్పుడు మంచిగున్నది బిడ్డా. మగ్గాల లెక్క ఆగకుంట కొడుతనే ఉంటది."

నేను సభల్లో చాలా వాదాలు గెలిచాను. గెలిచిన ప్రతిసారీ ఎదుటివాళ్లు మాట్లాడటం మానేశారు, అంతే. ఒక్క తాళం కూడా తెరుచుకోలేదు. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. కానీ వాదించే ముందు, ఎదుటి మనిషి చేతులకు ఏ పని తెలుసో అడుగుతున్నాను.