దుమ్ముకు ముఖం పెట్టి

బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక నేను పారాగ్లైడింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. అప్పటికే నా నడుములో ఒక డిస్కు పక్కకు జరిగి ఉంది. గుంతల రోడ్ల మీద ఏళ్ల తరబడి స్టీరింగు ముందు కూర్చున్న ఫలితం అది. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య శాఖా గ్రంథాలయంలో దొరికినదల్లా చదివేవాణ్ని. వెన్నుపూసల గురించి చదివాను, వేడెక్కిన నేల నుంచి గాలి ఎందుకు పైకి లేస్తుందో చదివాను. చెట్లు పెద్దగా లేని మా మెట్టచేలు ఎగరడానికి ఎంత అనువో ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నానని గర్వంగా ఉండేది.

డాక్టరు పూర్తిగా వద్దనలేదు. "కాళ్ల మీద దిగి నాలుగడుగులు పరిగెత్తగలిగితే సరే. సీటు మీద కూలబడితే దెబ్బంతా డిస్కు మీదే పడుతుంది. ఆ తర్వాత నడుస్తారని నేను చెప్పలేను" అన్నాడు.

నా భార్యకు అంత ఓపిక లేదు. "నడుం పట్టుకున్న దినం నీకు చెప్పులు తొడిగేది నేను. ఇంగ ఎగిరి మోడాల్లోకి, ఆ మబ్బుల్లోకి పోతావా?" అంది. కంబదూరు అవతలి గుట్టకు బయలుదేరిన రోజు మాత్రం గడపలో నిలబడి, "కాళ్ల మీద దిగు. కూలబడినావంటే ఇంటికి రావాకు" అంది.

గుట్ట మీద పరుగు బాగానే సాగింది. గుడ్డ రెక్క తల మీదికి లేచింది, కాళ్ల కింద నేల తప్పుకుంది. చేతులు తాళ్లు పట్టుకున్నాయి కానీ మనసంతా నడుము దగ్గరే ఉంది. ఏ చిన్న కుదుపు వచ్చినా ఆ డిస్కు కలుక్కుమందా అని చూసుకున్నాను.

దిగాల్సింది శనక్కాయ పీకేసిన చేనులో. కిందికి వస్తుండగా అవతలి నుంచి ఎర్ర దుమ్ము లేచి ఎదురొచ్చింది. దుమ్ము వస్తే మా వైపు ఎవరూ దానికి ముఖం చూపరు. చిన్నప్పటి నుంచీ కళ్లు మూసుకుని వీపు తిప్పడమే అలవాటు. నా చెయ్యీ అదే చేసింది. కుడి తాడు లాగేశాను. రెక్క తిరిగింది, గాలి వెనక నుంచి తోసింది, కింద నేల ఉరకసాగింది. గాలికి ఎదురుగానే దిగాలని చదివాను, మిత్రులకు వివరించాను కూడా. ఆ క్షణాన ఒక్క ముక్క గుర్తు రాలేదు.

చెవి దగ్గర వాకీటాకీలో, గుట్ట మీద నుంచి చూస్తున్న, నాకు ఎగరడం నేర్పించే ఆయన గొంతు పలికింది. "అన్నా, యాడికి తిరుగుతాండావు? ఇంగా ఎత్తుండాది, మెల్లగా తిప్పుకో. దుమ్ముకే ముఖం పెట్టు. కండ్లు మండితే మండనీ, నడుం మిగుల్తాది."

ఎడమ తాడు లాగాను. దుమ్ము కళ్లలోకి, నోట్లోకి కొట్టింది. నేల ఎక్కడుందో తెలియక కాళ్లు చాచి ఎదురుచూశాను. మెత్తటి మట్టి తగిలింది. పరిగెత్తాను, తూలాను, నిలబడ్డాను.

రెక్కను మడవాలంటే వంగాలి. వంగడానికి ధైర్యం చాలలేదు. ఆయన గుట్ట దిగి వచ్చేదాకా అలాగే ఉన్నాను.

"ఏమన్నా, గుంజ మాదిరి నిలబడినావు?"

"కూలబడలేదు కదప్పా?"

"లేదులే. ఇంటికి ఫోన్ చేసి చెప్పు, పో."

ఫోన్ ఎత్తగానే ఆమె అడిగింది, "నిలబడినావా?"

"ఇంగా నిలబడే ఉండా."

"అట్లయితే వంగి బూటు తాడు విప్పు. అప్పుడు నమ్ముతా."

ఫోన్ చెవికి ఆనించుకుని మెల్లగా వంగడం మొదలుపెట్టాను. చాలాసేపటికి తాడు కొస వేళ్లకు అందింది.