వెర్నన్ పెట్టిన పరీక్ష

అమెరికాలోని డుబ్యూక్ ఊరి బడిలో పిల్లలకు ఇంటర్నెట్ జాగ్రత్తలు చెప్పే వెర్నన్ టీగ్స్‌కు, బెల్టుకు తగిలించిన ఫోను తడుముకోనిదే నోట మాట రాదు. కళ్లజోడు టై కొసతో తుడుచుకుంటూ, "ముక్కూమొహం తెలియనివాళ్లు పలకరిస్తే ఏం చెయ్యాలి?" అని గద్దిస్తాడు. "పెద్దవాళ్లకు చెప్పాలి" అని పిల్లలు ఆవలింతల మధ్య అప్పజెబుతారు. ఈ పాఠం అదే బడిలో చదివే సొంత కూతురు జోయెల్ తలకు ఎంత ఎక్కిందో చూడాలని ఒకనాడు అతనికి బుద్ధి పుట్టింది. పన్నెండేళ్ల పిల్లలా దొంగపేరు పెట్టుకుని, స్నేహం చేద్దామనీ, ఒక ఫొటో పంపమనీ ఆమెకు రాశాడు.

మర్నాడే పిల్లల మంచీచెడూ చూసే బడి కౌన్సిలర్ ఒకాంపో మేడమ్ అతన్ని పిలిపించింది. పక్కనే జోయెల్ కూర్చుని ఉంది. "ఎవడో వెధవ మీ అమ్మాయి వెంట పడ్డాడండీ. పోలీసులకు ఫోన్ చేస్తున్నా. మీరూ ఒకసారి చూడండి, మీకు తెలియనిదేముంది?" అంటూ మేడమ్ ఆ సందేశం చూపించింది.

"వీడెవడో ముసలాడు నాన్నా. మా ఈడు పిల్లలు ప్రతి వాక్యం చివరా చుక్క పెడతారా?" అంది జోయెల్.

వెర్నన్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "అది... నేనేనమ్మా. ఊరికే పరీక్ష పెట్టా" అని గొణిగి, నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

"నేను ఫొటో పంపి ఉంటే ఏం చేసేవాడివి?" అని అడిగింది కూతురు.

వెర్నన్ బెల్టుకున్న ఫోను తడుముకున్నాడు. మేడమ్ మాత్రం పోలీసులకు చేసి చెవి దగ్గర పెట్టుకున్న ఫోను దించలేదు.